పట్టూ విడుపూ తెలిసిన లోహం కోసం

నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలన్నా, ఆ హైడ్రోజన్‌తో బస్సు నడపాలన్నా లెక్క తేలాల్సింది ఒక లోహపు ఉపరితలం మీదే. ఆ లెక్కను ప్రయోగశాల కంటే ముందే కంప్యూటర్లో తేల్చవచ్చని నిరూపించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ నోర్‌స్కోవ్, దారికి అడ్డంగా ఉన్న గోడనూ చూపించారు. భారత్ గ్రీన్ హైడ్రోజన్ కలకు ఆ గోడ ఎత్తే అసలు కొలమానం.

ఇత్తడి బిందెను చింతపండుతో తోమి తళతళలాడించినా నాలుగు రోజులకు మళ్లీ మసకబారుతుంది. వెండి పళ్లెం బీరువాలో దాచినా నల్లబడుతుంది. ఇనుప గేటు సంగతి చెప్పనక్కర్లేదు, ఒక్క వానాకాలం చాలు. అమ్మమ్మ మెడలోని బంగారు గొలుసు మాత్రం మూడు తరాల చేతులు మారినా అలాగే మెరుస్తుంటుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ, గంధకం మిగతా లోహాల్లో చాలావాటిని ఏదో ఒక విధంగా పట్టుకుంటాయి. బంగారం జోలికి మాత్రం రావు. ఎందుకని?

బంగారం మాయదని కంసాలికి వేల ఏళ్ల నుంచీ తెలుసు. ఎందుకు మాయదో అణువుల స్థాయిలో స్పష్టంగా చెప్పిన సమాధానం మాత్రం 1995లో వచ్చింది. బ్యోర్క్ హామర్, యెన్స్ నోర్‌స్కోవ్ అనే ఇద్దరు డెన్మార్క్ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో బంగారం, రాగి, నికెల్, ప్లాటినం అనే నాలుగు లోహాలను పక్కపక్కన పెట్టి, హైడ్రోజన్ అణువు వాటి మీద వాలితే ఏమవుతుందో లెక్కగట్టారు. నికెల్, ప్లాటినం దాన్ని ఇట్టే రెండు పరమాణువులుగా చీల్చేస్తాయి. రాగి, బంగారం చీల్చవు. తేడా అంతా లోహంలోని 'డి' ఎలక్ట్రాన్లలో ఉందని వారు తేల్చారు.

చూడ్డానికి ఇది వట్టి కుతూహలంతో వేసిన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఒక లోహం దేన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఎంత తేలిగ్గా వదులుతుంది అన్న విషయాన్ని ముందుగానే లెక్కగట్టగలిగితే చాలా పనులు జరుగుతాయి. ఎరువుల ఫ్యాక్టరీలో అమ్మోనియా నుంచి హైడ్రోజన్ కారు దాకా అన్నీ ఆ పట్టూ విడుపుల మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో నోర్‌స్కోవ్ చేసిన పనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

కారులో దాగిన ప్లాటినం

2022 మార్చి 30న కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు టయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారులో వచ్చారు. పొగ గొట్టం నుంచి పొగ రాదు, నీటి ఆవిరి మాత్రమే వస్తుంది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ ఢిల్లీలో గ్రీన్ హైడ్రోజన్‌తో నడిచే ఫ్యూయల్ సెల్ బస్సులను రోడ్డెక్కించింది. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల (ఎన్‌సీఎల్), కేపీఐటీ కంపెనీ కలిసి దేశీయంగా రూపొందించిన బస్సు అంతకు ముందే, 2022 ఆగస్టులో జనం ముందుకు వచ్చింది.

ఈ వాహనాలన్నిటికీ గుండెకాయ ఫ్యూయల్ సెల్. ఇది బ్యాటరీలాంటిదే కానీ చార్జింగ్ అక్కర్లేదు. ఒక పక్క నుంచి హైడ్రోజన్, మరో పక్క నుంచి గాలి పంపుతుంటే కరెంటు పుడుతూనే ఉంటుంది. రెండింటి మధ్య పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను వదిలేసి, ప్రోటాన్ రూపంలో ఆ పొర గుండా అవతలికి వెళుతుంది. ఎలక్ట్రాన్ మాత్రం బయటి తీగ చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. ఆ తిరుగుడులోనే మోటారు నడుస్తుంది. అవతలి పక్కన ఆక్సిజన్ వాటి కోసం కాచుకుని ఉంటుంది. అంతా కలిసి నీరవుతుంది.

సూత్రం కొత్తదేమీ కాదు. బ్రిటన్‌కు చెందిన విలియం గ్రోవ్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఇలాంటి సెల్ తయారుచేశారు. 1960ల్లో అమెరికా వ్యోమనౌకల్లో కరెంటు ఇచ్చింది ఫ్యూయల్ సెల్సే. మరి అంతరిక్షానికి వెళ్లిన వస్తువు మన వీధిలోకి రావడానికి ఇంత ఆలస్యమెందుకు? కారణాలు చాలానే ఉన్నా, మొదటి వరసలో నిలిచేది ప్లాటినం.

ఆ పొరకు రెండు పక్కలా జరిగే చర్యలు వాటంతటవి జరగవు. ఉత్ప్రేరకం కావాలి. పొర ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి ఇనుము, నికెల్ లాంటి చవక లోహాలు అందులో కరిగిపోతాయి. నిలబడి పని చేయగలిగింది ప్లాటినమే. 1980ల్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా వాడుతున్న ప్లాటినాన్ని 0.4 మిల్లీగ్రాములకు తగ్గించగలిగారు. అయినా ఒక్కో కారుకు పడే ప్లాటినం గ్రాముల్లోనే తూగుతుంది. 2014 డిసెంబర్‌లో జపాన్ మార్కెట్లోకి వచ్చిన తొలి మిరాయ్‌లో 370 సెల్స్‌ను ఒకదాని మీద ఒకటి పేర్చారు. ప్రతి దానిలోనూ ప్లాటినం ఉంది.

ప్రపంచంలో ఏటా గనుల నుంచి వచ్చే ప్లాటినం 200 టన్నుల లోపే. అందులో దాదాపు 70 శాతం ఒక్క దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది. భారత్ తన అవసరాలకు దాదాపు పూర్తిగా దిగుమతుల మీదే ఆధారపడుతోంది. చమురు దిగుమతుల నుంచి బయటపడదామని హైడ్రోజన్ వైపు చూసే దేశం ప్లాటినం దిగుమతులకు చిక్కితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఆక్సిజన్ పెట్టే ఇబ్బంది

హైడ్రోజన్ పక్కన పెద్ద చిక్కు లేదు. చర్య వేగంగా జరుగుతుంది, కాస్త ప్లాటినం చాలు. చిక్కంతా ఆక్సిజన్ పక్కనే. ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులు గట్టిగా కరుచుకుని ఉంటాయి. వాటిని విడదీసి, ఒక్కోదానికి రెండేసి హైడ్రోజన్లు అంటించి నీరుగా మార్చాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు ఒకదాని వెంట ఒకటి రావాలి. సిద్ధాంతం ప్రకారం ఒక సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి. నడుస్తున్న కారులో చేతికందేది 0.6 నుంచి 0.7 వోల్టులు. పోయిన దానిలో సింహభాగం ఆక్సిజన్ దగ్గరే పోతుంది.

మంచి ఉత్ప్రేరకం ఎలా ఉండాలో వందేళ్ల కిందటే ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త పాల్ సబాతియే చెప్పారు. 1912లో నోబెల్ అందుకున్న ఆయన సూత్రం తెలుగులో చెప్పాలంటే రెండు మాటలు: పట్టూ విడుపూ. వచ్చిన అణువును లోహం సరిగా పట్టుకోకపోతే చర్య మొదలే కాదు. మరీ గట్టిగా పట్టుకుంటే చర్య అయ్యాక కూడా వదలదు, తర్వాతి అణువుకు చోటుండదు. బంగారం మొదటి రకం, అసలు పట్టుకోదు. రుథేనియం లాంటివి రెండో రకం, పట్టుకున్నది వదలవు. ప్లాటినం మధ్యలో ఉంది.

సూత్రం తెలుసు కానీ 'ఎంత పట్టు, ఎంత విడుపు' అన్నదానికి అంకె లేదు. అందుకే ఉత్ప్రేరకాల అన్వేషణ శతాబ్దం పాటు గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగింది. ఇది కలిపి చూడు, అది కలిపి చూడు అన్నట్టు వేలకొద్దీ ప్రయోగాలు చేసి, పనికొచ్చినదాన్ని ఏరుకోవడమే. నోర్‌స్కోవ్ అంకె పెట్టింది ఇక్కడే.

ఎరువుల కంపెనీ నుంచి

1952లో పుట్టిన నోర్‌స్కోవ్ రసాయన శాస్త్రవేత్త కారు, భౌతిక శాస్త్రం చదివిన సిద్ధాంతకర్త. 1979లో ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తిచేశారు. అమెరికాలో ఐబీఎం పరిశోధన కేంద్రంలో కొంతకాలం గడిపాక స్వదేశంలో హల్డర్ టాప్సో కంపెనీలో పనిచేశారు. ఆ కంపెనీ వ్యాపారమే ఉత్ప్రేరకాలు. గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియాగా మార్చే ప్లాంట్ల టెక్నాలజీని ప్రపంచమంతటా అమ్ముతుంది. తెలుగు రైతుకు ఆ పేరు తెలియకపోవచ్చు కానీ దాని పనితనం తెలుసు. 1992లో మొదలైన కాకినాడ నాగార్జున ఫర్టిలైజర్స్ ప్లాంటులో అమ్మోనియా తయారీకి ఎంచుకున్నది ఈ డెన్మార్క్ కంపెనీ టెక్నాలజీనే.

అలా సిద్ధాంతం, పరిశ్రమ రెండూ తెలిసిన మనిషిగా ఆయన డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం (డీటీయూ)లో చేరారు. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి సన్‌క్యాట్ అనే కేంద్రాన్ని స్థాపించారు. 2018లో తిరిగి డీటీయూకి వచ్చారు. పేరు తెచ్చిన పనిలో ఎక్కువ భాగం పరీక్షనాళిక పట్టుకుని చేసింది కాదు. పరమాణువుల చుట్టూ ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో క్వాంటమ్ సూత్రాలతో కంప్యూటర్లో గుణించి చూడటం, ఆ అంకెలను పక్క భవనంలోని ప్రయోగశాలకు పంపడం. ఆ ప్రయోగశాల నడిపిన ఇబ్ చోర్కెన్‌డోర్ఫ్ ఎన్నో ఏళ్లు ఆయనకు జోడీ.

2004 నాటి చిట్కా

ఎలక్ట్రోడ్ మీద జరిగే చర్యను కంప్యూటర్లో లెక్కగట్టడం నిజానికి నరకం. లోహం, దాని మీద నీరు, నీటిలో తిరిగే అయాన్లు, పైగా వోల్టేజి. ఒక్క ప్రోటాన్ నీటిలో ఎలా ఉంటుందో లెక్కించడానికే కంప్యూటర్ అలసిపోతుంది. 2004లో నోర్‌స్కోవ్, ఆయన సహచరులు ఈ ముడిని ఒక చిన్న చిట్కాతో విప్పారు.

ప్రోటాన్‌ను, ఎలక్ట్రాన్‌ను విడివిడిగా తూకం వేయడం ఎందుకు? ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ దగ్గర సున్నా వోల్టుల వద్ద ఆ రెండూ కలిసిన జంట, హైడ్రోజన్ వాయువులో సగం అణువుతో సమతూకంలో ఉంటాయి. అది నిర్వచనమే. కాబట్టి చేతికందని జంట బదులు, తేలిగ్గా లెక్కగట్టగల వాయువును తక్కెడలో పెట్టవచ్చు. వోల్టేజి మారితే ఆ మేరకు తూకం సవరిస్తే సరి. తెలియని సరుకు బదులు దానితో సమానమైన పడికట్టు రాయిని తూచడం లాంటిదిది. 'కంప్యూటేషనల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్' అని పిలిచే ఈ పద్ధతి ఇవాళ ప్రపంచమంతటా ఎలక్ట్రో ఉత్ప్రేరకాల లెక్కలకు ఓనమాలు.

ఆ లెక్కతో ఒక్కో లోహం ఆక్సిజన్‌ను ఎంత బలంగా పట్టుకుంటుందో ఒక అక్షం మీద, ఎంత చురుగ్గా పనిచేస్తుందో మరో అక్షం మీద గుర్తిస్తే చుక్కలన్నీ కొండ ఆకారంలో వచ్చాయి. ఒక వాలు మీద పట్టు చాలని బంగారం, వెండి. మరో వాలు మీద విడుపు తెలియని రుథేనియం, ఇనుము లాంటివి. శిఖరానికి దగ్గరగా ప్లాటినం, పల్లాడియం. శాస్త్రవేత్తలు దీన్ని 'అగ్నిపర్వతం గ్రాఫ్' అంటారు. ఇలాంటి గ్రాఫ్‌లు అంతకు ముందూ ఉన్నాయి కానీ అవి ప్రయోగాలు చేశాక గీసినవి. ఇది లోహాన్ని ముట్టుకోకముందే గీసింది.

గ్రాఫ్ మరో సంగతీ చెప్పింది. ప్లాటినం శిఖరానికి దగ్గరే కానీ శిఖరం మీద లేదు. దాని పట్టు కావాల్సిన దానికంటే ఒక ఎలక్ట్రాన్‌వోల్టులో పదో వంతు ఎక్కువ. ఆ కాస్త సడలిస్తే చాలు. ఎలా? ప్లాటినం కింద మరో లోహాన్ని చేర్చి, పై పొరలోని పరమాణువుల మధ్య దూరాన్ని, డి ఎలక్ట్రాన్ల స్థాయిని కొద్దిగా జరపాలి.

కాగితం నుంచి పాత్రలోకి

చిట్కా పని చేస్తుందా? 2006లో నోర్‌స్కోవ్ బృందం హైడ్రోజన్ తయారీకి పనికొచ్చే మిశ్రమాల కోసం 700కు పైగా జంట లోహాలను కంప్యూటర్లో జల్లెడ పట్టింది. చివరికి మిగిలిన కొద్ది పేర్లలో ప్లాటినం, బిస్మత్ జోడీ ఉంది. బిస్మత్‌కు ఈ పనిలో ఏ పేరూ లేదు. అయినా ప్రయోగశాలలో తయారుచేసి చూస్తే స్వచ్ఛమైన ప్లాటినం కంటే మెరుగ్గా పనిచేసింది. అనుభవజ్ఞుడైన రసాయన శాస్త్రవేత్త పక్కన పెట్టేసే జోడీని కంప్యూటర్ ఏరి చూపింది.

2009లో ఆక్సిజన్ వంతు వచ్చింది. ప్లాటినంతో ఇట్రియం కలిపితే పట్టు సరిగ్గా సడలుతుందని, పైగా ఆ మిశ్రమం గట్టిగా నిలుస్తుందని లెక్క చెప్పింది. చోర్కెన్‌డోర్ఫ్ ప్రయోగశాలలో కొలిస్తే స్వచ్ఛమైన ప్లాటినం కంటే 6 నుంచి 10 రెట్లు చురుగ్గా ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో వొయిస్లావ్ స్టామెంకోవిచ్, నెనాద్ మార్కోవిచ్ బృందం ప్లాటినం, నికెల్ మిశ్రమపు ఏక స్ఫటికం మీద స్వచ్ఛమైన ప్లాటినం కంటే 10 రెట్ల చురుకుదనం చూపించింది. రెండూ ఒకే దిశను చూపాయి.

ఆ లెక్కన కారులో ప్లాటినం పదో వంతుకు పడిపోవాలి కదా? పడిపోలేదు. ప్రయోగశాలలో నున్నగా సానబెట్టిన లోహపు బిళ్ల వేరు, కారులో కార్బన్ పొడి మీద చల్లిన నానో రేణువులు వేరు. ఇట్రియానికి ఆక్సిజన్ అంటే ఎంత మోజంటే, మామూలు రసాయన పద్ధతుల్లో అది ప్లాటినంతో కలిసేలోపే ఆక్సైడ్‌గా మారిపోతుంది. నికెల్ మిశ్రమంలో నికెల్ మెల్లగా కరిగి కారిపోతుంది. కారు ఆగుతూ సాగుతూ వెళ్లే ప్రతిసారీ వోల్టేజి పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగుడుకు రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉబ్బుతాయి. చురుకుదనం ఒక్కటే చాలదు, వేల గంటలు నిలబడాలి. చివరికి కార్లలోకి వచ్చింది అంత చురుకైనది కాకపోయినా మొండిగా నిలబడే ప్లాటినం, కోబాల్ట్ మిశ్రమం. మిరాయ్‌లో ఉన్నది అదే.

అయినా పాఠం వృథా కాలేదు. ప్లాటినానికి తోడు చేర్చితే పట్టు సడలుతుందన్న సూత్రమే కోబాల్ట్ మిశ్రమానికీ ఆధారం.

వేరుశనగ వేరు చెప్పిన పాఠం

నోర్‌స్కోవ్ కథలో అందరికీ నచ్చే ఘట్టం మరొకటి ఉంది. వేరుశనగ, పెసర, మినుము మొక్కల వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ను పట్టి మొక్కకు ఎరువుగా అందిస్తుంది. అందుకే మన రైతు వరి కోశాక మినుము చల్లుతాడు. ఆ బ్యాక్టీరియాలోని ఎంజైమ్ పనిచేస్తున్నప్పుడు పక్కగా హైడ్రోజన్ కూడా పుడుతుంది. దానిలో ప్లాటినం లేదు. ఉన్నవి ఇనుము, మాలిబ్డినం, గంధకం.

ఆ ఎంజైమ్‌లోని చురుకైన భాగం హైడ్రోజన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో నోర్‌స్కోవ్ బృందం లెక్కగట్టింది. పట్టూ విడుపూ దాదాపు ప్లాటినంతో సమానం. అలాంటి అమరికే ఉన్న చవక పదార్థం ఏదైనా ఉందా అని వెతికితే మాలిబ్డినం సల్ఫైడ్ కనిపించింది. డీజిల్‌లోని గంధకాన్ని తీసేయడానికి చమురు శుద్ధి కర్మాగారాల్లో దశాబ్దాలుగా వాడుతున్న సరుకే అది. పలకలు పలకలుగా ఉండే ఈ పదార్థాన్ని హైడ్రోజన్ తయారీకి పనికిరాదని ఎప్పుడో పక్కన పెట్టేశారు. పలక పైభాగం నిజంగానే పనికిరాదు, అంచులు మాత్రం పనికొస్తాయని 2005లో లెక్క చెప్పింది. 2007లో థామస్ జరమిల్లో, చోర్కెన్‌డోర్ఫ్ ప్రయోగాలు దాన్ని ధ్రువపరిచాయి. పలక వైశాల్యం ఎంతున్నా హైడ్రోజన్ పుట్టడం మాత్రం అంచుల పొడవుకు తగ్గట్టే ఉంది. ఆ తర్వాత ప్రపంచమంతటా, మన దేశంలోనూ, అంచులు ఎక్కువుండే మాలిబ్డినం సల్ఫైడ్ తయారీ పెద్ద పరిశోధన రంగమైపోయింది.

జోడెద్దుల చిక్కు

ఇన్ని విజయాల మధ్య అదే లెక్క ఒక చేదు నిజాన్నీ బయటపెట్టింది. ఆక్సిజన్ నీరుగా మారే దారిలో రెండు మజిలీలు ముఖ్యమైనవి. ఒకచోట లోహానికి ఆక్సిజన్, హైడ్రోజన్ జంట అంటుకుని ఉంటుంది. మరోచోట రెండు ఆక్సిజన్లు, ఒక హైడ్రోజన్ ఉన్న ముక్క అంటుకుని ఉంటుంది. వోల్టేజి ఏమాత్రం వృథా కాకూడదంటే ఈ రెండు మజిలీల మధ్య శక్తి తేడా 2.46 ఎలక్ట్రాన్‌వోల్టులు ఉండాలి. లోహం తర్వాత లోహం, ఆక్సైడ్ తర్వాత ఆక్సైడ్ లెక్కగడితే ఆ తేడా ప్రతిసారీ దాదాపు 3.2 దగ్గరే వచ్చింది.

కారణం తెలుసుకోవడం కష్టం కాదు. రెండు ముక్కలూ లోహాన్ని ఒకే రకంగా, ఒక ఆక్సిజన్ చేత్తోనే పట్టుకుంటాయి. కాబట్టి ఒకదాని పట్టు సడలిస్తే రెండోదీ సడలుతుంది. ఒకే కాడికి కట్టిన జోడెద్దుల్లా రెండూ కలిసే కదులుతాయి. ఒకదాన్ని ఆపి మరోదాన్ని ముందుకు తోలడం కుదరదు. లోటు 0.74. రెండు మెట్ల మీద సమంగా పంచినా ఒక్కో మెట్టు మీద 0.37 వోల్టులు పోతాయి. 1.23 వోల్టుల్లో ఇది 30 శాతం. శిఖరం మీద కూర్చున్న ఉత్ప్రేరకానికి కూడా ఇది తప్పదు. లోహాన్ని మార్చితే కొండ మీద చోటు మారుతుందే తప్ప కొండ ఎత్తు పెరగదు.

నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసేటప్పుడూ ఇదే చిక్కు ఎదురవుతుందని 2011లో ఆయన, సహచరులు చూపించారు. దారి అదే, ప్రయాణమే వెనక్కి. అందుకే ఎలక్ట్రోలైజర్‌లో ఒక్కో సెల్‌కు 1.8 వోల్టుల దాకా పోయాలి. ఫ్యూయల్ సెల్‌లో తిరిగి వచ్చేది 0.7. సౌర విద్యుత్తును హైడ్రోజన్‌గా దాచి మళ్లీ కరెంటుగా తీస్తే 100 యూనిట్లకు 40 లోపే చేతికి వస్తాయి. హైడ్రోజన్‌ను కుదించడానికి, తరలించడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం.

గోడకు కన్నం లేదా? ప్రకృతిలో ఉంది. కొన్ని శిలీంధ్రాల్లో ఉండే లాకేస్ అనే ఎంజైమ్ నాలుగు రాగి పరమాణువులతో ఆక్సిజన్‌ను నీరుగా మారుస్తుంది. ప్లాటినం కంటే చాలా తక్కువ వోల్టేజి నష్టంతో. దాని కిటుకు ఆకారంలో ఉంది. చదునైన లోహపు ఉపరితలంలా కాకుండా అది గుంటలాంటిది. ఒక ముక్కను రెండు మూడు వైపుల నుంచి పట్టుకోగలదు, అంటే జోడెద్దులను విడదీయగలదు. కానీ ఎంజైమ్ నెమ్మది, ఆయుష్షూ తక్కువ. గుంటలున్న గట్టి పదార్థాలను తయారుచేయడం ఇప్పుడు ఈ రంగం ముందున్న అసలు సవాలు.

దొంగ లెక్కకు కళ్లెం

పరిశోధనలో ఆశ ఎక్కువైతే అంకెలు మోసం చేస్తాయి. ఎరువుల కోసం పెద్ద ఫ్యాక్టరీలు, సహజ వాయువు లేకుండా గాలి, నీరు, కరెంటుతోనే అమ్మోనియా తీస్తామంటూ ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. పుట్టిందని చెప్పిన అమ్మోనియా మాత్రం అతి స్వల్పం. గాలిలో, మనిషి ఊపిరిలో, చేతి తొడుగుల్లో కూడా అంత అమ్మోనియా ఉంటుంది.

2019లో నోర్‌స్కోవ్, చోర్కెన్‌డోర్ఫ్, స్టాన్‌ఫర్డ్ సహచరులు కలిసి 'నేచర్'లో ఒక కఠిన పరీక్షను ప్రతిపాదించారు. బరువైన నైట్రోజన్-15తో ప్రయోగం చేయాలి. వచ్చిన అమ్మోనియాలో అదే నైట్రోజన్ కనిపించాలి. కనిపించకపోతే అది బయటి నుంచి చేరిన కల్తీ. ఆ గీటురాయి మీద గీస్తే, నీటిలో పనిచేస్తాయని ఎక్కువ ఆశలు రేపిన శుద్ధ లోహాలు ఒక్కటీ నిలవలేదు. సేంద్రియ ద్రావణంలో లిథియం వాడే పద్ధతి మాత్రమే నెగ్గింది. సొంత రంగంలోని ఉత్సాహానికి తామే కళ్లెం వేయడం శాస్త్రంలో అరుదైన పని.

కాకినాడ దగ్గర లెక్క

ఇదంతా మనకెందుకు? 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. లక్ష్యం 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం. అందుకోసం అదనంగా 125 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు కావాలి.

ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సిద్ధాంతం ప్రకారం 39 యూనిట్లు చాలు. ఇప్పటి ఎలక్ట్రోలైజర్లకు 50 నుంచి 55 యూనిట్లు పడుతోంది. 50 లక్షల టన్నులంటే 500 కోట్ల కిలోలు. కిలోకు ఒక్క యూనిట్ ఆదా చేస్తే ఏటా 500 కోట్ల యూనిట్లు మిగులుతాయి. పది యూనిట్ల వృథాను ఆపగలిగితే 5,000 కోట్ల యూనిట్లు. గ్రీన్ హైడ్రోజన్ ఖర్చులో పెద్ద వాటా కరెంటుదే. అంటే కంటికి కనిపించని ఆ వోల్టులో కొద్ది వంతులే చివరికి కోట్లాది రూపాయల బిల్లుగా తేలుతాయి.

ఏ ఎలక్ట్రోలైజర్ ఎంచుకోవాలన్నదీ ఉత్ప్రేరకం ప్రశ్నే. ఎండ, గాలి ఎక్కువ తక్కువలకు చకచకా సర్దుకునే ఆమ్ల పొర ఎలక్ట్రోలైజర్లకు ఇరిడియం కావాలి. ప్రపంచంలో ఏటా వచ్చే ఇరిడియం మొత్తం 7, 8 టన్నులే. అదీ ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచే. క్షార ద్రావణంతో నడిచే పాతకాలపు ఆల్కలైన్ రకానికి నికెల్ చాలు. అయితే వాటికి చోటు ఎక్కువ కావాలి, ఎండ మబ్బుల ఊగిసలాటను అంత తేలిగ్గా తట్టుకోవు.

టాప్సో టెక్నాలజీతో ఒకప్పుడు యూరియా పండించిన కాకినాడకే ఈ కథ మళ్లీ తిరిగొచ్చింది. అక్కడ ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటుకు ఏఎం గ్రీన్ సంస్థ 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. దానికి ఎంచుకున్నది బెల్జియంకు చెందిన జాన్ కాకెరిల్ ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్లను. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లాలోని పూడిమడక వద్ద ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. దాని అంచనా వ్యయం 1.85 లక్షల కోట్ల రూపాయలు.

యంత్రాలు బయటి నుంచి కొనుక్కోవచ్చు. కానీ యంత్రం లోపలి ఆ పల్చని ఉత్ప్రేరకపు పూత ఎవరి చేతిలో ఉంటే ధర వారి చేతిలో ఉంటుంది. తమిళనాడులోని కారైకుడిలో 1948లో పునాది పడిన కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ, పుణే ఎన్‌సీఎల్, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ చెన్నైలో నడుపుతున్న ఫ్యూయల్ సెల్ కేంద్రం ఈ పనిలో ఏళ్ల తరబడి ఉన్నాయి. నోర్‌స్కోవ్ పద్ధతికి బంగారు గనో, ప్లాటినం గనో అక్కర్లేదు. కంప్యూటర్లు, లెక్క తెలిసిన విద్యార్థులు, అంకెను నమ్మి ప్రయోగం చేసే పక్క గది స్నేహితుడు ఉంటే చాలు. ఆ మూడూ ఒకే కప్పు కింద ఉండటమే డెన్మార్క్ విజయ రహస్యం. మన దగ్గర సిద్ధాంతం ఒక ఊళ్లో, ప్రయోగం మరో ఊళ్లో, ఫ్యాక్టరీ ఇంకో ఊళ్లో ఉంటున్నాయి.

బంగారం ఎందుకు మాయదు అన్న ప్రశ్నకు 1995లో ఏ కంపెనీ కూడా డబ్బు పెట్టి జవాబు అడగలేదు. ఆ జవాబే ఇవాళ ప్లాటినాన్ని ఎక్కడ తగ్గించవచ్చో, ఏ మూల లోహం మీద ఆశ పెట్టుకోవచ్చో, ఏ గోడ దగ్గర తల బాదుకోకూడదో చెబుతోంది. ఎవరినీ పట్టుకోదు కాబట్టే బంగారం బీరువాలో మెరుస్తూ కూర్చుంటుంది. హైడ్రోజన్‌తో బండి నడవాలంటే మాత్రం పట్టుకోవడమూ, సమయానికి వదలడమూ తెలిసిన లోహమే కావాలి.